సీమకు మీరు కట్టిన బాణీ మాది కాదు

తెలుగు చలనచిత్ర దర్శకులకు, నిర్మాతలకు, సంగీత దర్శకులకు, ఫిలిం ఛాంబర్ పెద్దలకు,



తెర మీద ‘కర్నూలు’ అనో ‘కడప’ అనో అక్షరాలు పడగానే థియేటర్లో ఏం మోగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ముందు ఈదురుగాలి హోరు. దాని వెనక పెద్ద పెద్ద డ్రమ్ములు. ఆపైన అర్థం లేని అక్షరాలతో మగగొంతుల గర్జన. వేటకొడవలి రాతికి రాసుకున్న కీచు, వరసగా సుమోలు, ఒక బాంబు. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ఒకే ఏడాది ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’, 2023లో ‘వీరసింహారెడ్డి’. హీరోలు మారారు, కెమెరాలు మారాయి, రికార్డింగ్ థియేటర్లో యంత్రాలన్నీ మారాయి. రాయలసీమ అనగానే మీరు వాయించే ఆ మోత మాత్రం మారలేదు. దాన్ని మా రెండు జిల్లాల గుర్తుగా ఇకమీదట ఒప్పుకోలేం అని చెప్పడానికే ఈ లేఖ.

మా ఊళ్లలో కక్షలు లేవని నేను అనను. ఆ కక్షల్లో మొగుళ్లను, కొడుకులను పోగొట్టుకున్న ఆడవాళ్లు, రాత్రికి రాత్రి ఇల్లు వదిలి పోయిన కుటుంబాలు మా మధ్యనే ఉన్నాయి. ఆ కథలు చెప్పే హక్కు మీకుంది, చెప్పండి. నేను అడిగేది శబ్దం గురించి. మనిషిని నరికే క్షణాన ఈలలు వేయించే దరువు ఎందుకు పడుతోంది? శవం ఇంటికి చేరాక ఆ వాకిట్లో లేచే ఏడుపుకు మీ ట్రాకుల్లో చోటెందుకు దొరకడం లేదు? చంపినవాడి నడకకు మూడు నిమిషాల సంగీతం కట్టినవారు, చచ్చినవాడి తల్లికి మూడు సెకన్ల మౌనం కూడా ఎందుకు ఇవ్వలేకపోయారు?

సినిమాలో మాటలు మర్చిపోతాం. కథ కూడా కొన్నాళ్లకు కలగాపులగమైపోతుంది. పాట, దాని వెనక వాయించిన నేపథ్య సంగీతం మాత్రం మనిషిని వదలవు. ఈ సంగతి మాకంటే మీకు బాగా తెలుసు, ఆర్.ఆర్. (రీ-రికార్డింగ్) కోసం మీరు పెట్టే ఖర్చే అందుకు సాక్ష్యం. అంత బలమున్న పనిముట్టు చేతిలో ఉన్నప్పుడు అది ఎవరికి తగులుతుందో చూసుకునే బాధ్యత మీది కాదా? హైదరాబాదులోనో బెంగళూరులోనో చదువుకోవడానికి పోయిన మా పిల్లలు ఊరి పేరు చెప్పగానే ఎదుటివాడు నోటితో ఆ డ్రమ్ములు వాయిస్తాడు. ఆ తర్వాత ‘మీ ఇంట్లో బాంబులుంటాయా’ అని అడుగుతాడు. అంతకన్నా నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. మా ఊళ్లలోనే, గల్లీ స్థాయి నాయకుడు కారు దిగే వీడియోకు కుర్రాళ్లు మీ బీజీఎం తగిలించి ఫోన్లలో పంచుకుంటున్నారు. తాతల కాలంలో సిగ్గుపడి దాచుకున్న దాన్ని మనవళ్లు మీ సంగీతం విని గర్వంగా నెత్తిన పెట్టుకున్నారు. ఇది మీ లెక్కల్లో ఎక్కడైనా ఉందా?

ఈ మాట మీతో చెప్పడానికి మాకు ఇంకొక హక్కు కూడా ఉంది. తెలుగువాళ్లు ఇప్పటికీ మర్చిపోలేని సినిమా సంగీతం పుట్టిన ఇళ్లలో మా ఇల్లు ఒకటి. బి.ఎన్. రెడ్డి గారు, బి. నాగిరెడ్డి గారు కడప జిల్లా అన్నదమ్ములు. ఒకరు వాహినికి ప్రాణం, ఇంకొకరు విజయాకు. 1974లో అన్నకు, 1986లో తమ్ముడికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది. ‘యోగి వేమన’, ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి ప్రాంతం. నటుడు పద్మనాభం గారిది కడప జిల్లా సింహాద్రిపురం. ఆయన నిర్మించిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ కోసమే 1966 డిసెంబరులో కోదండపాణి గారి సంగీతంలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు మొట్టమొదటి సినిమా పాట పాడారు. తెలుగు పాటకు యాభై ఏళ్లపాటు గొంతైన మనిషికి తలుపు తీసింది ఒక సీమ నిర్మాత.

బి.ఎన్. రెడ్డి గారు తీసిన 1951 నాటి ‘మల్లీశ్వరి’ దగ్గర కొంచెం ఆగుతాను. నా మట్టుకు నాకు తెలుగులో అంతకు మించిన సినిమా సంగీతం లేదు. కాదనే వాళ్లతో వాదనకు దిగుతాను కూడా. సంగీతం చేసిన సాలూరి రాజేశ్వరరావు గారిది ఉత్తరాంధ్ర. పాటలు రాసిన దేవులపల్లి కృష్ణశాస్త్రి గారిది గోదావరి సీమ, అదే ఆయనకు తొలి సినిమా. పాడిన ఘంటసాల, భానుమతి ఇద్దరూ కోస్తా వాళ్లే. వీళ్లలో ఒక్కరూ మా జిల్లాల్లో పుట్టలేదు. కాబట్టి సీమ కథకు సీమ సంగీత దర్శకుడే కావాలని నేను అడుగుతున్నానని పొరపడకండి. అడిగేది వేరు. ఆ సినిమాలో ప్రతి పాటా, పాడే మనిషి ఎవరో, ఏ వేళలో ఉన్నారో, ఎక్కడ నిలబడి పాడుతున్నారో తెలుసుకుని పుట్టింది. ఊళ్లో బావతో తిరిగే మల్లి గొంతులో ఉన్న ఎగురుపాటు, అంతఃపురం చేరాక అదే గొంతులో కనిపించదు. పల్లె గాలి తగిలే చోట వాద్యాలు తక్కువ, రాజసభ చేరాక నిండుతాయి. వాన కురిసిన రాత్రి పాడుబడ్డ సత్రంలో ఆ పిల్ల ఆడి పాడుతుంటే, మారువేషంలో కూర్చుని చూసేది కృష్ణదేవరాయలు, ఆయన పక్కన అల్లసాని పెద్దన. ఆ పెద్దనకు రాయలిచ్చిన అగ్రహారం కోకటం మా కమలాపురం దగ్గరే. పాటలకు రాజేశ్వరరావు గారుంటే, నేపథ్య సంగీతానికి విడిగా అద్దేపల్లి రామారావు గారిని పెట్టుకున్నారు. అంటే పాట లేని చోట ఏం వినిపించాలి, ఏది వినిపించకూడదు అన్నది కూడా ఒక మనిషి పూర్తిగా కూర్చుని ఆలోచించవలసిన పని అని బి.ఎన్. గారు నమ్మారు. డెబ్బై ఏళ్లు దాటినా ఆ పాటలు బతికి ఉన్నాయంటే కారణం అదే.

‘మాయాబజార్’ కూడా అంతే. రాజేశ్వరరావు గారు నాలుగు పాటలకు బాణీలు కట్టి తప్పుకుంటే మిగతా పనంతా ఘంటసాల గారు భుజాన వేసుకున్నారు. ఎవరిది ఏ బాణీయో సామాన్య శ్రోతకు తేడా తెలియదు, ఎందుకంటే ఇద్దరూ ఒకే కథను విన్నారు. 1947లో ‘యోగి వేమన’కు నాగయ్య గారు తానే వేమనగా నటిస్తూ, ఓగిరాల రామచంద్రరావు గారితో కలిసి సంగీతం చేశారు. మా మెట్ట నేల మీద తిరిగిన ఒక విరాగి కథకు ఎంత తక్కువ వాద్యాలు చాలో ఆ సినిమా విన్నవాళ్లకు తెలుస్తుంది.

మీకు దగ్గరి కాలానికే వద్దాం. 1997లో ‘అన్నమయ్య’ వచ్చింది. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో పుట్టిన కవి కథ అది. కీరవాణి గారికి ఉత్తమ సంగీత దర్శకుడిగా జాతీయ పురస్కారం తెచ్చింది ఆ సినిమాయే. అదే ఏడాది ‘ప్రేమించుకుందాం రా’ వచ్చింది. ఫ్యాక్షన్ నేపథ్యం తెరకు లాభసాటి సరుకని మీకు అర్థమైంది అక్కడే. ఒకే ఏడాది మా నేల నుంచి మీ ముందుకు రెండు దారులు వచ్చాయి. పదాలు పాడిన ఊరి దారి ఒకటి, కొడవళ్లు పట్టిన ఊరి దారి ఇంకొకటి. తర్వాత పాతికేళ్లు మీరు ఏ దారిలో నడిచారు? ఎందుకు నడిచారు?

మణిశర్మ గారి విద్వత్తును తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. నేను పైన చెప్పిన తొలి అయిదు సినిమాలకూ, ‘ఒక్కడు’కూ సంగీతం ఆయనదే. 2003లో వచ్చిన ఆ ‘ఒక్కడు’లో కర్నూలు కొండారెడ్డి బురుజు ఘట్టానికి ఆయన చేసిన నేపథ్య సంగీతం వినగానే కర్నూలు కుర్రాళ్లు ఇప్పటికీ లేచి నిలబడతారు. నాకూ ఒళ్లు పులకరిస్తుంది. కాని ఆ సంగీతాన్ని తీసుకుపోయి ఏ ఊరి కోట ముందు పెట్టినా అలాగే అతుకుతుంది. అందులో కర్నూలు లేదు. 2020లో ‘సరిలేరు నీకెవ్వరు’ కోసం ఆ బురుజునే సెట్టుగా కట్టించారు. రాళ్ల గీతలు కూడా తేడా రాకుండా దింపారు. ఆ బురుజు నీడలో రోజూ వినబడే ఊరిని, ఉర్దూ తెలుగు కలిసిన ఆ బజారు మాటను, తుంగభద్ర ఒడ్డు గుళ్ల భజనను, మసీదు పిలుపును, పీర్ల చావిడి తప్పెటను దింపుకుందామని ఒక్కరికైనా ఎందుకు తోచలేదు?

ఇంకా లోతైన గాయం ఒకటుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మా రేనాటి మనిషి. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో కుంఫిణీ ప్రభుత్వం ఆయన్ను ఉరి తీసింది. ఆ తర్వాత ఆయన్ను బతికించింది పుస్తకాలు కావు, పాట. రేనాడు పల్లెల్లో ఆయన కథను తరాలుగా పాడుకున్నారు. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఆ పాటలను వెతికి పట్టుకుని ‘రేనాటి సూర్యచంద్రులు’ పుస్తకంగా లోకానికి ఇచ్చారు. 2019లో మీరు భారీ ఖర్చుతో ‘సైరా’ తీశారు. పాటలకు ముంబయి నుంచి అమిత్ త్రివేది గారు వచ్చారు, నేపథ్య సంగీతానికి జూలియస్ పకియం గారు. వాళ్లు పనిమంతులు, కాదనను. నా ప్రశ్న వాళ్లకు కాదు, వాళ్లను పిలిచిన మీకు. నూటడెబ్బై ఏళ్లుగా ఒక ఊరు తన నాయకుడి కోసం పాడుకున్న బాణీ ఉండగా, ఆ వీరుడు మీ తెర మీదికి ఆ బాణీ మీద ఎందుకు నడిచి రాలేదు?

సుబ్బారావు గారి పుస్తకం పేరులో సూర్యుడితోపాటు చంద్రుడూ ఉన్నాడు. ఆ చంద్రుడు బుడ్డా వెంగళరెడ్డి. ఆయనదీ ఉయ్యాలవాడే. కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే గాదెలు తెరిచి వేల మందికి అన్నం పెట్టిన దాత. ఆయన మీదా మా ఆడవాళ్లు, మగవాళ్లు పాటలు కట్టారు. ఒకే ఊరు ఇద్దరిని కన్నది, ఇద్దరినీ పాడుకున్నది. కత్తి పట్టినవాడు మీకు కనిపించాడు. అన్నం పెట్టినవాడు ఎప్పుడు వినిపిస్తాడు?

చేయలేని పనేమీ అడగడం లేదు. మీరు చేసి చూపించిందే అడుగుతున్నాను. 2018లో ‘అరవింద సమేత వీర రాఘవ’కు త్రివిక్రమ్ గారు మా జానపద గాయకుడు పెంచల్‌దాస్ గారిని పిలిపించుకుని యాస నేర్చుకున్నారు, పాట రాయించుకున్నారు. తమన్ గారు ఆ పాటకు అడ్డం రాకుండా వెనక్కి జరిగి నిలబడ్డారు. మోహన భోగరాజు గారు పాడిన ‘రెడ్డెమ్మ తల్లి’, కూలిపోయిన మనిషి భార్యను పిలిచి చెప్పే శోకం. అన్నాళ్లూ సుమోల మోతే విన్న థియేటర్లలో మొదటిసారి మా ఇంటి ఏడుపు మా మాటలో వినిపించింది. ఆ పాట దగ్గర ఎవరూ ఈల వేయలేదు. అదే ఏడాది ‘కృష్ణార్జున యుద్ధం’లో పెంచల్‌దాస్ గారు రాసి పాడిన పాట అన్ని జిల్లాల్లో పెళ్లి పందిళ్ల దాకా పోయింది. అంటే మా యాసకు, మా బాణీకి మార్కెట్ లేదన్న సాకు కూడా ఆనాటితో చెల్లిపోయింది. అయినా అయిదేళ్లు తిరక్కుండానే మళ్లీ పాత గర్జనకే ఎందుకు పోయారు?

పక్క ప్రాంతాలను చూడండి. ‘అల వైకుంఠపురములో’ చివర శ్రీకాకుళం పాట మోగింది. ‘పలాస 1978’లో రఘు కుంచె గారు ఉత్తరాంధ్ర జానపదాన్నే వెన్నెముక చేసుకున్నారు. 2023లో ‘బలగం’ చివరి ఘట్టంలో బుడగజంగాల కథాగానం వినిపిస్తే తెలంగాణ పల్లెల్లో ఊరికి ఊరే కూర్చుని ఏడ్చింది. తుళునాడు భూతకోలను ‘కాంతార’ దేశమంతటికీ వినిపించింది. ఒక్కొక్క నేల తన గొంతుతో తెర మీదికి వస్తోంది. మాకే ఎందుకు ఇంకా అరువు గొంతు?

మా దగ్గర ఏముందని అడుగుతారేమో. చెప్తాను. పీర్ల పండగ రాత్రుళ్లు గుండం చుట్టూ హిందువులు, ముస్లిములు కలిసి వేసే అడుగుకు తప్పెట మీద పడే దెబ్బ ఒక తీరుగా ఉంటుంది. అది మీ స్టూడియో లూపుల్లో దొరకదు. చెక్కభజన ఉంది. పాతిక మంది చేతుల్లో చెక్కలు ఒక్క చప్పుడుగా మోగుతూ, గురువు సైగతో నడక మార్చి ఎగసిపడతాయి. పండరి భజన ఉంది, కోలాటం ఉంది. బ్రహ్మంగారి మఠంలో ఒక తంబూర, ఒక గొంతు చాలు, తత్వం తెల్లవార్లూ సాగుతుంది. అహోబిలం నరసింహస్వామి పారువేటకు ఊళ్లు తిరుగుతున్నప్పుడు దారి పొడవునా మోగే వాద్యాలున్నాయి. దసరా రాత్రి దేవరగట్టు కొండ మీద కర్రల చప్పుడు ఉంది. కడప అమీన్ పీర్ దర్గాలో ఖవ్వాలీ ఉంది, ఏ.ఆర్. రహమాన్ గారు ఉరుసుకు వచ్చి తల వంచి కూర్చునేది అక్కడే. ప్రపంచం మెచ్చిన సంగీత దర్శకుడికి కడపలో వినవలసింది కనిపించింది. హైదరాబాదు నుంచి ఒక్క రాత్రి ప్రయాణమైన ఊరు మీకు ఎందుకు వినిపించడం లేదు?

పండగలు, గుళ్లే కాదు. సీమ అసలు శబ్దం ఏదని నన్ను అడిగితే నేను బోరు బండి అంటాను. నడిరేయి పొలంలో ఆ యంత్రం రాతిని తొలుచుకుంటూ పోతుంటే ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఉంటారు. లోపల రాయి మారినప్పుడల్లా ఆ మోత మారుతుంది. అనుభవమున్న రైతు ఆ తేడాను చెవితోనే పడతాడు. వందల అడుగులు దిగినా దుమ్మే లేస్తుంటే ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. బండివాడు ఇంజను ఆపిన తర్వాత వచ్చే నిశ్శబ్దంలో ఒక ఇంటి అప్పు, ఒక ఆడపిల్ల పెళ్లి, ఒక్కొక్కసారి ఒక ప్రాణం కూడా ఉంటాయి. వాన కోసం విరాటపర్వం చదివించే ఊళ్లు, కప్పలకు పెళ్లి చేసి పాడే పిల్లలు, బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాయి గనుల్లో సుత్తి దెబ్బలు, ఆదోని, కోసిగి వైపు నుంచి సుగ్గికని, అంటే వలస కూలికని, పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు పోయే లారీల్లో అమ్మలు పాడే జోలలు. వీటిలో ఒక్కదానికైనా మీరు ఇంతవరకు మైకు పెట్టారా? కేతు విశ్వనాథరెడ్డి గారి లాంటి వాళ్లు ఈ బతుకునంతా కథల్లో రాసి పెట్టారు. చదవడానికి ఒక వారం చాలు.

అందుకే అడుగుతున్నాను. ఫైట్లకు మాస్టర్‌ను, డాన్సులకు మాస్టర్‌ను పెట్టుకునే మీరు, మా ప్రాంతంలో కథ పెట్టుకున్నప్పుడు మా పాట తెలిసిన ఒక మనిషిని కూడా పెట్టుకోండి. ఆ మనిషికి ఇచ్చేది కండువా, బొకే కాకుండా పనికి తగ్గ పారితోషికం కావాలి. పల్లె నుంచి ఒక బాణీ తీసుకుంటే అది ఏ ఊరిదో, ఎవరి నోట విన్నారో టైటిల్స్‌లో వేయండి. జానపదం అని ఒక్క మాట రాసి దులుపుకోవద్దు. మా తప్పెట కావాలంటే తప్పెట కొట్టేవాడి చేతే కొట్టించండి. ఫిలిం ఛాంబర్ పెద్దలారా, ఈ మూడు మాటలు మీరు సభ్యులకు చెప్పడానికి ఏ చట్టమూ అవసరం లేదు. ఆకాశవాణి కడప కేంద్రం దశాబ్దాలుగా మా గాయకుల చేత పాడించింది. ఆ తలుపు తట్టండి, విని వెళ్లండి.

సంగీత దర్శకులారా, మీతో విడిగా ఒక మాట. దర్శకుడు ‘సీమ కథ, పవర్‌ఫుల్‌గా ఉండాలి’ అని చెప్పి వెళ్లిపోతే ఆ తర్వాత నిర్ణయం మీ చేతిలోనే ఉంటుంది. ఏ వాద్యం ఎత్తాలి, ఎవరి గొంతు పిలవాలి, ఎక్కడ ఆపాలి అన్నది మీ ఒక్కరిదే. రాజేశ్వరరావు గారికి, ఘంటసాల గారికి ఉన్న ఆ స్వేచ్ఛే మీకూ ఉంది. మీరు చేసిన పని మా పిల్లలు యాభై ఏళ్ల తర్వాత కూడా వింటారు. వాళ్లు అప్పుడు తమ ఊరి పేరుతో ఏం వినాలి?

మీ తర్వాతి సీమ సినిమాకు ట్యూన్ల పని మొదలుపెట్టే ముందు ఒకసారి రండి. షూటింగ్ యూనిట్ అక్కర్లేదు, ముందస్తు ఏర్పాట్లు అక్కర్లేదు. పీర్ల పండగకు కర్నూలు వైపు రండి, ఉరుసుకు కడప రండి, ఏ శనివారం రాత్రయినా ఏ పల్లె రామాలయం దగ్గరికైనా రండి. కూర్చోవడానికి చాప వేస్తాం, అన్నం పెడతాం. వినే పని మాత్రం మీరే చేయాలి.

ఇట్లు,
కర్నూలు, కడప సినిమా ప్రేక్షకుల తరఫున
ఒక ప్రేక్షకుడు